ఆదివారం ఫ్రైడ్ రైస్, సోమవారం ఆయాసం



ఆదివారం ఆరాధన ముగిసింది. చర్చి ఆవరణలో పలకరింపులు, కరచాలనాలు అయ్యేసరికి ఒంటిగంట దాటింది. ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించే ఓపిక అమ్మకు లేదు. పిల్లలు అప్పటికే "చైనీస్‌కి వెళ్దాం డాడీ" అని చెయ్యి పట్టుకుని లాగుతున్నారు. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల్లో ఉంటున్న మీలో చాలామందికి ఇది వారం వారం జరిగేదే. ఒకప్పుడు చైనీస్ భోజనమంటే పండుగకో, పుట్టినరోజుకో వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు అలా కాదు. వీధి చివర ఫాస్ట్‌ఫుడ్ బండి మొదలుకొని గచ్చిబౌలి, జూబ్లీహిల్స్‌లోని కొరియా, జపాను, థాయిలాండు హోటళ్ళ వరకు ఆసియా ఖండంలోని వంటలన్నీ మన ఊళ్ళోనే దొరుకుతున్నాయి.

బయట తినవద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అలా చెప్పినా ఎవరూ వినరు, మేమూ వినం. కాని మీ ఇంట్లో రక్తపోటు, గుండె జబ్బు, చక్కెర వ్యాధి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎవరైనా ఉంటే, ఆ హోటల్లో కూర్చుని మెనూ కార్డు తెరిచే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ఒక మాష్టారి సంగతి

ఒక సోమవారం తెల్లవారుజామున మా అత్యవసర విభాగానికి ఒక రిటైర్డు మాష్టారిని తీసుకువచ్చారు. పడుకుంటే ఊపిరాడడం లేదు, కూర్చుంటేనే కొంత నయం. కాళ్ళు నొక్కితే వేలి గుంట పడుతోంది. రెండేళ్ళ క్రితం గుండెపోటు వచ్చి, అప్పటినుండి గుండె బలహీనంగా ఉన్న మనిషి. డ్యూటీ డాక్టరు అడిగారు.

"మాష్టారూ, నిన్నగాని మొన్నగాని ఉప్పు ఎక్కువైందా?"

"లేదు డాక్టరు గారూ. ఆవకాయ మానేసి ఏడాదైంది. అప్పడం కూడా ముట్టుకోను. కావాలంటే మా ఆవిడను అడగండి."

ఆవిడా అదే చెప్పారు. "నిజమే బాబూ, ఇంట్లో చప్పగానే వండి పెడుతున్నాను. నిన్న మటుకు మనవడి పుట్టినరోజని బయట తిన్నాం. ఫ్రైడ్ రైసే కదా, కారం కూడా లేదు."

కారం లేదు, సరే. మరి ఉప్పు? తరచి తరచి అడిగితే తేలినది ఇది. ముందు ఒక కప్పు హాట్ అండ్ సోర్ సూప్. తర్వాత చికెన్ మంచూరియా నాలుగు ముక్కలు. ఆపైన ఫ్రైడ్ రైస్, అది చప్పగా అనిపించి బల్లమీద ఉన్న సోయా సాస్ సీసా ఎత్తి మరికొంత పోసుకున్నారు. ఇంకొక మాట ఆయన చాలాసేపటికి సిగ్గుపడుతూ చెప్పారు. ఆరాధన మధ్యలో మూత్రానికి లేవవలసి వస్తుందని, ఆ ఉదయం నీరు పోయే మాత్ర వేసుకోలేదట. ప్రతి ఆదివారం అంతేనట!

ఒకవైపు ఉప్పు శరీరంలో నీటిని పట్టి ఉంచింది. మరోవైపు ఆ నీటిని బయటకు పంపే మాత్ర కడుపులో పడలేదు. బలహీనపడ్డ గుండె ఆ అదనపు నీటిని తోడలేకపోయింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. నీరు తీసే ఇంజెక్షన్లతో, ఆక్సిజనుతో మూడు రోజుల్లో కోలుకుని ఇంటికి వెళ్ళారు, దేవునికి స్తోత్రం. ఆయన అశ్రద్ధ మనిషి కాదు. ఆవకాయ మానగలిగిన తెలుగువాడిని అశ్రద్ధ మనిషి అని ఎలా అంటాం? ఉప్పు ఎక్కడ ఉందో ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

(నీరు పోయే మాత్ర వాడేవారికి ఒక మాట. ప్రయాణం, చర్చి, పెళ్ళి ఏదైనా ఉంటే మాత్ర మానకండి. ఇంటికి వచ్చాక మధ్యాహ్నం వేసుకోవచ్చేమో మీ డాక్టరును అడగండి. చాలామందికి వేళ మార్చుకోవడానికి వీలుంటుంది.)

అజినోమోటో నిజంగా విషమా?

చైనీస్ భోజనం మాట ఎత్తగానే మా దగ్గరకు వచ్చేవారు మొదట అడిగే ప్రశ్న ఉప్పు గురించి కాదు, అజినోమోటో గురించి. కొందరు దానిని టేస్టింగ్ సాల్ట్ అంటారు. అది తింటే కాన్సరు వస్తుందని, పక్షవాతం వస్తుందని రకరకాల భయాలు. అందుచేత దాని సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

1908లో జపాను దేశంలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త, వాళ్ళు పులుసులో వేసుకునే కొంబు అనే సముద్రపు నాచుకు అంత రుచి ఎలా వస్తుందని పరిశోధించాడు. అది గ్లూటమేట్ అనే పదార్థం వల్ల అని కనుగొన్నాడు. దానికి సోడియం కలిపి తయారుచేసిన తెల్లని పలుకులే మోనోసోడియం గ్లూటమేట్. అజినోమోటో అనేది దానిని మరుసటి ఏడాది నుండి అమ్మిన కంపెనీ పెట్టిన పేరు. మనం డాల్డా అన్నట్టే అదీను. గ్లూటమేట్ మనకు కొత్తదేమీ కాదు. బాగా పండిన టమాటాలో ఉంది, తల్లిపాలలోనూ ఉంది.

మరి ఈ భయం ఎక్కడినుండి వచ్చింది? 1968లో అమెరికాలో స్థిరపడిన రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే వైద్యుడు అక్కడి ప్రముఖ వైద్య పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. అక్కడి చైనీస్ హోటళ్ళలో తిన్నప్పుడల్లా మెడ వెనుక తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నాయని, కారణం ఏమై ఉంటుందని అడిగాడు. తన అనుమానాలు కూడా చెప్పాడు. సోయా సాస్ కావచ్చు, వంటలో పోసే వైను కావచ్చు, మోనోసోడియం గ్లూటమేట్ కావచ్చు, లేదా ఆ వంటల్లో ఎక్కువగా ఉండే సోడియం కావచ్చు అన్నాడు. లోకం మూడవ అనుమానాన్ని పట్టుకుంది. నాల్గవదాన్ని మరచిపోయింది.

ఆ తర్వాత ఎన్నో పరీక్షలు జరిగాయి. 1995లో అమెరికా ప్రభుత్వం కోసం శాస్త్రవేత్తలు ఇచ్చిన నివేదిక ప్రకారం, ఖాళీ కడుపుతో ఒకేసారి 3 గ్రాములు లేదా అంతకు మించి తీసుకుంటే కొద్దిమందికి తలనొప్పి, తిమ్మిరి వంటివి కొంతసేపు ఉండి పోవచ్చు. మామూలుగా ఒకరు తినే వంటకంలో అర గ్రాము కంటే తక్కువే ఉంటుంది. కాబట్టి మీకు అది పడదని అనుభవంలో తెలిస్తే మానండి. పడుతుంటే దానికి భయపడి నిద్ర పాడుచేసుకోనవసరం లేదు.

ఇంకొక లెక్క చూడండి. 100 గ్రాముల మామూలు ఉప్పులో 39 గ్రాముల సోడియం ఉంటుంది. 100 గ్రాముల అజినోమోటోలో సుమారు 12 గ్రాములే. "భయ్యా, అజినోమోటో వేయకండి" అని వంటవాడికి చెప్పి, ఆ తర్వాత సోయా సాస్ సీసా అందుకునే మనం దేనికి భయపడుతున్నామో ఆలోచించండి.

నాలుకకు తెలియని ఉప్పు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలు. అంటే గీసి కొలిచిన ఒక చిన్న టీస్పూను. ఉదయం ఇడ్లీలో, చట్నీలో, రాత్రి కూరలో, మజ్జిగలో వేసినదంతా కలిపి అంతే. గుండె బలహీనంగా ఉన్నవారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి డాక్టరు ఇంకా తగ్గించి చెప్పి ఉండవచ్చు.

ఇప్పుడు ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల సోయా సాస్ తీసుకోండి. అందులో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఉప్పు లెక్కలో చెప్పాలంటే 2 గ్రాముల పైచిలుకు. ఒక ప్లేటు ఫ్రైడ్ రైస్‌లో ఒక పెద్ద చెంచా సోయా సాస్, దానితోపాటు అర టీస్పూను ఉప్పు పడిందనుకుందాం. వంటవాడి చేతివాటం చూసినవారికి ఇది పిసినారి లెక్కే. అక్కడికే ఒక మనిషికి రోజంతటికీ సరిపడే ఉప్పు అయిపోయింది. ఇంకా సూపు ఉంది, మంచూరియా ఉంది, చిల్లీ సాస్ ఉంది, మంచూరియా పిండిలో కొందరు కలిపే వంటసోడా ఉంది. అందులో ఉన్నదీ సోడియమే.

అయితే నోటికి ఉప్పగా ఎందుకు తెలియదు? ఆ సాసులలో వెనిగర్ ఉంది, పంచదార ఉంది. పులుపు, తీపి కలిసినప్పుడు ఉప్పదనం మరుగున పడుతుంది. ఆవకాయ తన ఉప్పును దాచుకోదు, నాలుక మీద పెట్టగానే చెప్పేస్తుంది. మంచూరియా చెప్పదు. మీకు ఆ సాయంత్రం దాహం రూపంలో చెబుతుంది. డయాలసిస్ చేయించుకునేవారికి అసలు ప్రమాదం ఆ దాహమే. నీళ్ళు కొలిచి తాగాలని ఎంత నిగ్రహించుకున్నా ఆ రాత్రి ఆగలేరు. తర్వాతి డయాలసిస్ నాటికి బరువు పెరిగి, రక్తపోటు పెరిగి, ఆయాసంతో వస్తారు.

మనం తినేది ఏ చైనా వంట?

మన ఊళ్ళో ఫాస్ట్‌ఫుడ్ అంటే బర్గరు కాదు. ఫ్రైడ్ రైస్, నూడిల్స్, మంచూరియా. పెద్ద మంట మీద నల్లటి మూకుడు, దానిమీద గంటె టకటకలాడించే కుర్రవాడు, పక్కన మూడు సీసాలు. ఒకటి సోయా సాస్, ఒకటి చిల్లీ సాస్, ఒకటి వెనిగర్. ఇది చైనాలో పుట్టిన వంట కాదు. కలకత్తాలో, ముఖ్యంగా టాంగ్రా ప్రాంతంలో స్థిరపడిన చైనా కుటుంబాలు మన నాలుకకు తగినట్టు మలచిన వంట. చికెన్ మంచూరియాకు 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో నెల్సన్ వాంగ్ అనే కలకత్తా చైనీయుడు రూపమిచ్చాడని చెబుతారు. మన పకోడీలాగే ముక్కలను పిండిలో ముంచి నూనెలో వేయించి, కార్న్‌ఫ్లోర్ కలిపిన సాసులో వేశాడు. అంటే ఇది చైనా బట్టలు కట్టిన మన పిండివంటే!

ఇది ఎందుకు చెబుతున్నామంటే, చైనాలో చాలా ఇళ్ళలో రోజూ తినేది మనలాగే ఉప్పు లేని తెల్లన్నం. కూర, పులుసు, ఆకుకూర పక్కన పెట్టుకుని కొంచెం కొంచెం నంజుకుంటారు. మీరూ అలా అడగవచ్చు. ఫ్రైడ్ రైస్ బదులు స్టీమ్డ్ రైస్ చెప్పండి. ఉప్పు ఉన్న కూర ఒక్కటే చెప్పి దానిని నంజుడుగా వాడుకోండి. సగం ఉప్పు అక్కడే తగ్గుతుంది. ఇది పప్పన్నం తిని పెరిగిన మనకు కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

సూపు ఒకరికి ఒకటి చొప్పున చెప్పకుండా వన్ బై టూ చెప్పండి. మన హోటళ్ళలో ఎవరూ చిన్నచూపు చూడరు. హాట్ అండ్ సోర్ సూపు బదులు సాస్ లేని కూరగాయల సూపు అడగండి. వేయించిన ముక్కల బదులు ఆవిరిమీద ఉడికిన చేప దొరికితే అదృష్టం. "సాస్ సగం వేయండి, ఉప్పు పైన వేసుకుంటాం" అని వంట మొదలుపెట్టకముందే చెప్పాలి. వండి తెచ్చాక చెబితే లాభం లేదు. రద్దీ తక్కువగా ఉన్న వేళ వెళితే మీ మాట వంటింటి దాకా చేరుతుంది.

థాయ్ హోటళ్ళకు వెళ్ళేవారు ఫిష్ సాస్ అనే మాట గుర్తుంచుకోండి. చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం అది. పెద్ద చెంచాకు సుమారు 1,400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, సోయా సాస్ కంటే ఎక్కువ. పచ్చిబొప్పాయి సలాడ్ చూడడానికి పత్యపు తిండిలా ఉంటుంది గాని దానిలో ఈ రసమే పోస్తారు. కొరియా వారి కిమ్చి వాళ్ళ ఊరగాయ. ఊరగాయలాగే కొంచెం తినాలి. వాళ్ళ రామెన్ నూడిల్స్‌లో ఉప్పు చాలావరకు పులుసులో ఉంటుంది కాబట్టి నూడిల్స్, కూరముక్కలు తిని పులుసు వదిలేయండి. పిల్లలు ఇంట్లో వండుకునే ప్యాకెట్ల సంగతీ అంతే. మసాలా పొట్లం సగమే వేయమనండి. జపాను వారి సుషీలో కొన్నిటిలో పచ్చి చేప ఉంటుంది. గర్భిణులు, కాన్సరు చికిత్స పొందుతున్నవారు, మూత్రపిండం మార్పిడి అయినవారు పచ్చి చేప తినకూడదు. ఉడికించిన రొయ్యతోనో కూరగాయలతోనో చేసినవి అడిగి తినవచ్చు.

మండీ కూడా ఆసియా వంటే. యెమెన్ నుండి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు నివసించే బార్కస్ వైపునుండి అది నగరమంతటా వ్యాపించింది. అందులో సాసులు లేవు. చిక్కు ఎక్కడంటే నలుగురు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుంటే ఎవరు ఎంత తిన్నారో ఎవరికీ తెలియదు. చక్కెర వ్యాధి ఉన్నవారు మీ వాటా అన్నం ముందే వేరే ప్లేటులో పెట్టించుకోండి.

ఇంజెక్షన్ ఇంటి దగ్గర, అన్నం హోటల్లో

చక్కెర వ్యాధి ఉన్నవారికి ఫ్రైడ్ రైస్ ఒక్కటే కాదు, చిక్కని సూపులోనూ మంచూరియా గ్రేవీలోనూ ఉండే కార్న్‌ఫ్లోర్, స్వీట్ కార్న్, సాసులోని పంచదార అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇది మీకు తెలిసినదే. దీనికంటే తొందరగా ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటుంది.

ఇన్సులిన్ వేసుకున్న అరగంటలో తినాలని చెబుతాం. మీరు ఇంటి దగ్గర వేసుకుని బయలుదేరుతారు. ట్రాఫిక్ ఒక అరగంట. ఆదివారం కాబట్టి హోటలు బయట కుర్చీల్లో మరో అరగంట. ఆర్డరు ఇచ్చాక ఇంకో అరగంట. అప్పటికి చెమటలు, వణుకు, కంగారు, మాట తడబాటు మొదలవుతాయి. రక్తంలో చక్కెర పడిపోయిందన్నమాట. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారికి కూడా ఇలా జరగవచ్చు.

ఇన్సులిన్ పెన్ను మీతో తీసుకువెళ్ళండి. ఎండలో ఆగిన కారులో వదలకండి. మీరు వాడే ఇన్సులిన్‌ను బట్టి హోటల్లో ఎప్పుడు వేసుకోవాలో ముందుగా మీ డాక్టరును అడిగి పెట్టుకోండి. జేబులో ఎప్పుడూ కొంచెం పంచదార గాని గ్లూకోజు పొడి గాని ఉండాలి. పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే 3 టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఎర్రరంగు, నల్లనూనె

శ్రమదినాల్లో మాంసం మానినవారు చాలామంది గోబీ మంచూరియా వైపు చూస్తారు. మాంసం లేకపోయినా నూనె, రంగు మాననివ్వవు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. అంతకుముందు అక్కడి అధికారులు సేకరించిన 171 నమూనాల్లో 107 నమూనాలు సురక్షితం కాదని తేలాయి. క్యాలీఫ్లవరు సహజంగా తెలుపు. కొంచెం కాశ్మీరీ మిరప వేస్తే ఇటుకరంగు వస్తుంది. చేతివేళ్ళకు అంటి సబ్బుతో కడిగినా పోని ఎరుపు మిరపకాయది కాదు. "కలర్ వేయకుండా చేయండి" అని అడగడానికి మొహమాటపడకండి.

మరిగించిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగిస్తే అందులో హానికరమైన పదార్థాలు పెరుగుతాయి. దీనికి మన ఆహార భద్రతా సంస్థ 2018 జూలై నుండి ఒక హద్దు పెట్టింది. పరికరంతో కొలిస్తే ఆ పదార్థాలు 25 శాతం దాటిన నూనె పారబోయాలి. మీ దగ్గర పరికరం లేకపోయినా కళ్ళు, ముక్కు ఉన్నాయి. నల్లగా, జిగటగా, నురగ కడుతూ, ఘాటుగా పొగ వచ్చే మూకుడు ముందు నిలబడి ఆర్డరు ఇవ్వకండి. లైసెన్సు ఉన్న హోటలు తన 14 అంకెల నంబరు గోడమీద పెట్టాలి. 2022 జనవరి నుండి బిల్లు మీద కూడా ఉండాలి. ఒకసారి వెదికి చూడండి.

చల్లారిన అన్నంతో వచ్చే చిక్కు

ఫ్రైడ్ రైస్‌కు పొడిపొడిగా విడిపోయే అన్నం కావాలి. అందుకని అన్నం ముందే వండి ఆరబెడతారు. వెంటనే ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెడితే ఫరవాలేదు. పెద్ద డేగిసాలో ఉదయం నుండి రాత్రి దాకా వంటగది వేడిలోనే ఉంచితేనే చిక్కు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అవి వంట వేడికి చావవు. గోరువెచ్చని అన్నంలో మేల్కొని పెరుగుతూ ఒక విషాన్ని తయారుచేస్తాయి. ఆ తర్వాత ఎంత పెద్ద మంట మీద వేయించినా ఆ విషం పోదు. తిన్న గంట నుండి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి. 1970వ దశకం మొదట్లో బ్రిటన్‌లోని చైనీస్ హోటళ్ళలో ఫ్రైడ్ రైస్ తిన్నవారికి ఇలా వరుసగా జరిగినప్పుడే వైద్యలోకం దీనిని గుర్తుపట్టింది. కాబట్టి "వేడివేడిగా తిన్నాం కదా, ఏమీ కాదు" అనే ధీమా పనికిరాదు. రద్దీ ఉన్న చోట అన్నం తరచూ వండుతారు, కాబట్టి నిలవ ఉండే అవకాశం తక్కువ.

మీరు తెచ్చుకున్న పార్సిల్‌కు కూడా ఇదే లెక్క. మిగిలినది రెండు గంటల లోపల, మే నెల ఎండల్లో గంటలోపల, ఫ్రిజ్‌లో చేరాలి. రాత్రంతా బల్లమీద ఉన్నదాన్ని పిల్లల టిఫిన్ డబ్బాలో పెట్టకండి. పారేయడానికి మనసు ఒప్పదని మాకు తెలుసు. అయినా పారేయండి.

మోమోలకు, మండీకి, షవర్మాకు తోడుగా ఇచ్చే తెల్లని మయోనీజ్ సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. పచ్చి గుడ్డుతో చేసిన దానిలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిన్న తర్వాత ఒక మహిళ మరణించారు, ఇంకా పలువురు ఆస్పత్రుల పాలయ్యారు. ఆ నెల 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. గడువు మాట ఎలా ఉన్నా పచ్చి గుడ్డు స్వభావం మారదు. అది దేనితో చేశారో అడగండి. తెలియదంటే తినకండి.

ఇక పడనివి. రొయ్య, వేరుశనగ, నువ్వులు, గుడ్డు, సోయాలలో ఏదైనా మీకు గాని పిల్లలకు గాని పడకపోతే కూర్చోగానే చెప్పండి. "వెజ్" అన్నంత మాత్రాన సరిపోదు. రొయ్యలు వేయించిన మూకుడులోనే మీ కూరగాయలూ వేగుతాయి. పెదవులు, నాలుక వాచినా, గొంతు బిగుసుకున్నా, దద్దుర్లతోపాటు ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా ఇంట్లో ఉన్న ఎలర్జీ మాత్ర వేసి ఎదురుచూడకండి. అడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి. దగ్గరలో ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి, మా ఆస్పత్రి దాకా రానవసరం లేదు.

ఎప్పుడు రావాలి?

మామూలు వాంతులు, విరేచనాలు అయితే ఒక పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను లీటరు మంచినీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకు 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, గీసి కొలవండి. విరేచనాలు ఆపే మాత్రలు, మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఓఆర్‌ఎస్ కూడా డాక్టరును అడిగే తాగాలి.

తాగినదంతా వాంతి అవుతున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, మనిషి మత్తుగా ఉన్నా వెంటనే తీసుకురండి. చంటిపిల్లలు, వృద్ధులు, గర్భిణుల విషయంలో ఇంతదాకా ఆగకండి. గుండె బలహీనంగా ఉన్నవారు రోజూ ఉదయం బరువు చూసుకుని పుస్తకంలో రాయాలి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే, ఆయాసం రాకముందే మాకు కనబడండి. మన మాష్టారు ఇప్పుడు అలాగే రాస్తున్నారు, ఎర్రసిరాతో.

వాంతులతో వచ్చేటప్పుడు ఒక చిన్న కాగితం మీద ఏం తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో, వాంతులు ఎన్ని గంటలకు మొదలయ్యాయో, అదే తిన్న మిగతావారు ఎలా ఉన్నారో రాసుకుని రండి. రోజూ వేసుకునే మందుల చీటీ తెండి. పార్సిల్‌లో ఏమైనా మిగిలి ఉంటే పారేయకుండా, కవరులో గట్టిగా కట్టి తీసుకురండి.